మా వదినతో బైకు రేసుకు

మా అన్న కూతురు మనీషా ముంబై కామాటిపురలో తెలుగువాళ్లుండే వరుస గదుల చాల్‌లోనే పుట్టి పెరిగింది. వారమంతా గ్రాంట్ రోడ్ దగ్గర ఒక ల్యాబ్‌లో పని చేస్తుంది. బైకు రేసులున్న శని, ఆదివారాల్లో మాత్రం ట్రాక్ పక్కన మార్షల్‌గా నిలబడుతుంది. ముందు ప్రమాదం ఉంటే జెండా ఊపి రైడర్లను హెచ్చరించడం ఆ పని. పోయినసారి టైరు కింద నుంచి లేచిన రాయి తగిలి మోచెయ్యి వాచి ఇంటికొచ్చింది. మా వదిన యాదమ్మ ఇక వెళ్లొద్దని తేల్చేసింది. "ఒక్కసారి వచ్చి చూడు. చూశాక కూడా వద్దంటే మానేస్తా" అని మనీషా మరాఠీలో అంది. వదిన తెలుగులో "సరే" అంది. ఆ ఇంట్లో మాటలు ఎప్పుడూ అలాగే నడుస్తాయి. వదినను పుణె తీసుకెళ్లే బాధ్యత వర్లిలో ఉండే నా మీద పడింది.

మనీషా శుక్రవారమే వెళ్లిపోయింది. శనివారం పొద్దున్నే నేను కామాటిపుర వెళ్లి వదినను వెంటబెట్టుకుని గ్రాంట్ రోడ్ స్టేషన్‌కు నడిచాను. అక్కడ లోకల్ ఎక్కి దాదర్‌లో దిగి, వంతెన దాటి సెంట్రల్ లైను వైపు వెళితే ఏడు దాటాక పుణె బండి దొరుకుతుంది. రెండో తరగతి సీటు మనిషికి నూరు రూపాయల పైచిలుకు. ముందే బుక్ చేసుకోకపోతే లోనావలా దాకా నిలబడాల్సిందే. బండి కొండల మధ్య ఘాట్ ఎక్కుతున్నప్పుడు వదిన జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం విప్పింది. "జెండా ఊపుడు గూడ ఒక పనేనా సునీతా? రైల్వేల గార్డు ఊపుతడు, ఆయనకు జీతమన్న ఉంటది" అంది. నేనూ అంతవరకు రేసు చూసిన దాన్ని కాను.

పుణె స్టేషన్ నుంచి ఊరి చివరి మైదానానికి ఆటో మూడు వందలకు ఒప్పుకుంది. రేసు చూడ్డానికని చెబితే డ్రైవరు నవ్వాడు. "పోయినేడు మా పిల్లల్ని తీసుకెళ్లాను అక్కా. దుమ్ము, చప్పుడు తప్ప ఏమీ అర్థం కాలేదు. గంటలో వచ్చేశాం" అన్నాడు మరాఠీలో.

అతను చెప్పింది నిజమే. రెండు వందల టికెట్టుకు ఇనుప మెట్ల మీద చోటిచ్చారు. నీడ లేదు. మైకులో ఒకతను ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నాడు. ఎదురుగా మట్టి దిబ్బల మీంచి బైకులు గాల్లోకి ఎగిరి దుమ్ములో కలిసిపోతున్నాయి. మూడో దిబ్బ పక్కన నారింజ రంగు జాకెట్‌లో మనీషా కనిపిస్తోంది. రెండు రేసులు అయిపోయాయి. "ఎవరు గెల్సిండ్రో ఈడ ఎవరికన్న తెల్సా?" అని వదిన అడిగింది. ముందు వరుసను అడిగాను, వెనక వరుసను అడిగాను. ఎవరికీ తెలియదు. కొన్ని కుటుంబాలు అప్పటికే సంచులు సర్దుకుంటున్నాయి. వదిన కూడా ఎండకు తాళలేక, "చూసిన గద, ఇగ పోదాం" అంది. ఆ మాటతో నాకు భయం పట్టుకుంది. ఆమె ఇప్పుడు లేచిందంటే మనీషా సంగతి అక్కడితో ముగిసినట్టే.

పక్కనున్న ఒక పెద్దావిడ తన గొడుగు కిందికి వదినను రమ్మంది. ఆ కాస్త వీలు దొరికితే నేను మైకు ఉన్న టెంట్ దగ్గరికి వెళ్లాను. మైకులో మాట్లాడేది పాతికేళ్ల కుర్రాడు, చెమటతో తడిసిపోయి ఉన్నాడు. "మూడో దిబ్బ దగ్గరున్న అమ్మాయి వాళ్లమ్మ ముంబై నుంచి వచ్చింది. ఆమెకు అర్థమయ్యేలా కాస్త మరాఠీలో చెబుతారా?" అని అడిగాను. విసుక్కుంటాడనుకున్నాను. అతను నీళ్లు తాగి, "ఇంతవరకు ఎవరూ అడగలేదండీ" అన్నాడు. వాకీటాకీలో మార్షల్స్ అందరి పేర్లూ కనుక్కున్నాడు.

మధ్యాహ్నం రేసుకు ముందు మరాఠీలో మొదలుపెట్టాడు. పసుపు జెండా ఊపితే ముందు ఎవరో పడ్డారని అర్థం, అక్కడ బైకు ఎగరకూడదు, ముందువాణ్ణి దాటకూడదు. ఏ దిబ్బ దగ్గర ఎవరు నిలబడ్డారో పేరుపేరునా చెప్పాడు. రైడర్లు ఏ ఊరివాళ్లో, ఇళ్లలో ఏం చేస్తారో చెప్పాడు. సాతారా నుంచి వచ్చిన పాలవాళ్ల అబ్బాయి ఉన్నాడనగానే మా మెట్ల మీద సగంమంది అతని పక్షం చేరారు.

ఆ అబ్బాయే పడ్డాడు. మూడో దిబ్బ దాటి, అవతలి వైపు. వెనక వస్తున్న వాళ్లకు దిబ్బ అడ్డం, అతను కనిపించడు. మనీషా దిబ్బ అంచుకు పరుగెత్తి రెండు చేతులా జెండా ఊపింది. మొదటి బైకు నేలకు అంటిపెట్టుకునే దిబ్బ ఎక్కి మెల్లగా దిగింది. తర్వాతివీ అంతే. గొడుగు ఆవిడ వదిన చెయ్యి పట్టుకుంది. ఇద్దరు మనుషులు వచ్చి అబ్బాయిని లేపి పక్కకు నడిపించుకెళ్లే దాకా మనీషా జెండా దించలేదు. అప్పుడు మైకులో ఆమె పేరు వినిపించింది. మెట్లన్నీ చప్పట్లు కొట్టాయి. వదిన కొట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ పిలగాని తల్లి ఏడున్నదో" అంది.

సాయంత్రం మనీషా మట్టికొట్టుకుపోయి మా దగ్గరికి వచ్చింది. తల్లి వైపు చూసింది. వదినే అడిగింది. "రేపు గూడ ఉన్నదా?"

"ఆ. రేపే ఫైనల్."

"రాత్రి ఏడ పండుకుంటవ్?"

"అమ్మాయిలందరికీ ఒక హాల్ ఇచ్చారు."

వదిన నా వైపు తిరిగింది. "మన రైలు టికెట్టు పోతే పోయింది సునీతా. రేపు చూసే పోదాం."

ఆ రాత్రికి స్టేషన్ దగ్గర ఎనిమిది వందలకు ఒక శుభ్రమైన లాడ్జి దొరికింది. ఆదివారం మెట్లు సాయంత్రం దాకా ఖాళీ కాలేదు. రేసులు జనానికి నచ్చాలంటే పెద్ద తెరలు, పాటకచేరీలు కావాలంటారు. ఉంటే మంచిదే. నేను చూసినంతలో జనాన్ని కూర్చోబెట్టింది మాత్రం అర్థమయ్యే భాషలో చెప్పిన నాలుగు మాటలు, నాలుగు పేర్లు. వేలమందికి చెప్పాల్సిన మాటను ఒక తల్లి కోసం మొదలుపెట్టిన ఆ మైకు అబ్బాయికి, నీడలో చోటిచ్చిన ఆ పెద్దావిడకు నేను రుణపడి ఉన్నాను. వాళ్లిద్దరి పేర్లూ అడగడం మరిచిపోయాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. భోజన విరామంలో బైకులు నిలిపే చోటికి టికెట్టున్న ఎవరినైనా రానిస్తారు. అక్కడ ఒక్క రైడర్‌తోనైనా మాట్లాడి, పేరు, బండి నంబరు తెలుసుకుని మెట్లెక్కండి. ఆ దుమ్ములో మీకు మీ మనిషి కనిపిస్తాడు.