నూల్‌కోల్ ఆకుల మీద పురుగులు

నా చిన్నప్పుడు ఎల్లంతకుంటలో మా పెరటికి మా తాతయ్యే రాజు. కోరుట్ల అంగడి నుంచి నూల్‌కోల్ విత్తనాలు తెచ్చి, నారు పోసి, బావి పక్కన మడి కట్టి నాటాడు. గడ్డ నేల లోపల కాకుండా పైనే ఊరుతుంటే ఊళ్లోవాళ్లు వింతగా చూసిపోయేవారు. ఆకులు బాగుంటేనే గడ్డ ఊరుతుందనేవాడాయన. కోడిపిల్ల ఒక్క ఆకు పొడిచినా ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. నాకూ ఆ కోపమే వచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు.

ఆ రోజు పొద్దున్నే అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. నాన్న భివండిలో మగ్గాల పనిలో ఉన్నాడు. మంత్రసానీ నానమ్మా లోపలికి పోయి తలుపేసుకున్నారు. కిందటి కాన్పులో తమ్ముడు దక్కలేదు, అమ్మ కూడా చావు అంచుదాకా పోయి వచ్చింది. అది నాకు గుర్తుంది. అందుకే గడపకు అతుక్కుని కూర్చుని, లోపలి నుంచి వచ్చే ప్రతి మూలుగుకూ వణికిపోతున్నాను.

తాతయ్య నన్ను రెక్క పట్టుకుని మడి దగ్గరికి తీసుకుపోయాడు. "ఆకుల ఎనుక పచ్చపురుగులున్నయ్ బిడ్డా. అన్ని ఏరి గీ చిప్పల ఎయ్యి. మడి మొత్తం అయ్యేసరికి మీ అమ్మ నొప్పులు తగ్గుతయ్," అన్నాడు.

నేను నమ్మాను. ఒక్కో ఆకూ తిప్పి, మెత్తటి పురుగులను ఏరి కొబ్బరిచిప్పలో వేశాను. చిప్ప నిండినప్పుడల్లా పారబోసి తెస్తానని తాతయ్య తీసుకెళ్లేవాడు. ఎండ నెత్తికెక్కింది. అమ్మ అరుపులు పెద్దవయ్యాయి. పురుగులు మాత్రం తరగడం లేదు. నేను శుభ్రం చేసిన మొక్క మీదే మళ్లీ కనిపిస్తున్నాయి. ఇవి అయిపోకపోతే అమ్మ బతకదేమోనని ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. మడి ఆ చివర తాతయ్య వంగి, చిప్పలోంచి ఒక్కో పురుగునూ తీసి ఆకుల మీద పెడుతున్నాడు. తన ప్రాణంలాంటి మొక్కల మీదే! నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏం జేస్తున్నవ్ తాతా? అమ్మ సచ్చిపోతది!" అని అరిచాను.

ఆయన కళ్లలో నీళ్లు చూడడం అదే మొదలు. "పని అయిపోతే ఏం జేస్తం బిడ్డా? ఇద్దరం గా తలుపు దిక్కే సూసుకుంట కూసోవాలె. గది నాతోని కాదు," అన్నాడు.

నేను మళ్లీ ఆకు తిప్పాను. ఆయన పెడుతున్నాడు, నేను ఏరుతున్నాను. ఇద్దరమూ తెలిసే చేశాం. భయం పోలేదు గానీ, అది నా ఒక్కదానిదే కాదని అర్థమైంది. పొద్దు వాలుతుండగా తలుపు అవతల పసిబిడ్డ ఏడ్చింది. ఆ వెంటనే నానమ్మ కేక. "ఆడపిల్ల! తల్లీ పిల్లా మంచిగున్నరు!" తాతయ్య మడిలోనే కూలబడ్డాడు.

ఆ ఏడాది ఆకులన్నీ జల్లెడలయ్యాయి. గడ్డలు నిమ్మకాయంత కూడా ఊరలేదు. వాటినే నానమ్మ శనగపప్పు వేసి వండితే, తాతయ్య కిక్కురుమనకుండా తిన్నాడు.

మొన్న చలికాలం జగిత్యాల ఆసుపత్రిలో నా కూతురికి ఆపరేషన్. నేను ఇంటి దగ్గర అల్లుడి ఫోన్ కోసం చూస్తున్నాను. ధైర్యం మాటలు చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. అందుకే తల్లి కోసం బెంగపడుతున్న మనవరాలిని పెరట్లో నూల్‌కోల్ మడి దగ్గర కూర్చోబెట్టి పురుగులు ఏరమన్నాను. అది చూడనప్పుడు దాని చిప్పలోంచి రెండింటిని తీసి మళ్లీ ఆకు మీద పెట్టాను.

చూసేసింది పిల్ల. నా ఒళ్లోని ఫోన్ వైపు చూసి, తన చిప్పలోంచి ఒక పురుగును తీసి నా ముందున్న ఆకు మీద పెట్టింది. "నువ్వు గూడ ఏరు అమ్మమ్మా," అంది.