ఊరూ పేరూ లేని క్రిమి

మా గురువు సుభద్రగారు పరమపదించారన్న వార్త రాజమండ్రిలో బస్సు దిగుతుండగా నా చెవిన పడింది. గుండెపోటట. నిశ్చేష్టురాలినయ్యాను. దుఃఖం తరువాత వచ్చింది. ముందు ముంచుకొచ్చింది కోపమే. దాన్ని దిగమింగి సంస్మరణ రాయడం నా వల్ల కాదు.

ఆమె మా కళాశాలలో సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో దిగే కూలీల కాళ్ళకు పుళ్ళు పడేవి. మామూలు మందులకు లొంగేవి కావు. ఆ పుళ్ళలోని క్రిమిని వేరుచేసి, దాని జన్యుక్రమాన్ని హైదరాబాదులో చదివించి, తెలిసిన జాతులన్నిటితో పోల్చి, ఇది సరికొత్త జాతి అని మేడం తేల్చారు. "ఊరూ పేరూ లేనిదాన్ని డాక్టరు ఎలా పట్టుకుంటాడమ్మా? ముందు పేరు పెట్టాలి" అనేవారు.

చెరువులున్న ఊరి పేరే పెడదామనుకున్నారు. అది విని అక్కడి చెరువుల ఆసామి, రాజుగారొకరు పరుగున వచ్చారు.

"అదేంటండీ మేడంగారూ! మా ఊరి పేరు రోగానికి తగిలిస్తారా? రేపు మా రొయ్యలు ఎవరు కొంటారండీ?"

"నిజమేనండోయ్, మీ ఊరి జోలికి రానండి" అని నవ్వి, కాఫీ ఇచ్చి పంపారు.

మా కరస్పాండెంటుగారిది మరో గోల. కాలేజీకి, హాస్టలుకి, బస్సుకి ఉన్న తన తండ్రి పేరు క్రిమికి కూడా కావాలట! "పెద్దాయన పేరు మీద జనం కాళ్ళు కుళ్ళితే బాగుండదండీ" అన్నారు మేడం. ఆయనగారి మొహం మాడిపోయింది.

సజీవమైన క్రిమిని దేశవిదేశాల సూక్ష్మజీవుల భాండాగారాలకు అప్పగిస్తేనే కొత్త జాతికి గుర్తింపు. పంపడానికి కరస్పాండెంటుగారి అనుమతి కావాలి. "చూద్దాంలెండి" అంటూ వేసవి దాకా నాన్చారు. కరెంటు కోతలు మొదలయ్యాయి. మా ల్యాబు ఫ్రీజరులో మంచు కరిగిపోయింది, అందులో దాచిన క్రిమి నమూనాలన్నీ చచ్చిపోయాయి. కాలేజీలో జనరేటరు లేకనా? దాని తీగ ఆయన ఏసీ గది దాకా వెళ్ళింది, మా ల్యాబు దాకా రాలేదు. దీన్ని ప్రమాదమంటే నేనొప్పుకోను.

మేడం మళ్ళీ చెరువుగట్ల వెంట తిరిగారు, కూలీల కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఆ క్రిమి రెండోసారి చిక్కేలోగా ఆమే పోయారు.

నిన్నటి సంతాపసభలో ఆయనగారే కళ్ళొత్తుకుంటూ, ల్యాబుకి సుభద్రగారి పేరు పెడతామన్నారు. సంతాపసభలో చప్పట్లు! సిగ్గుండాలి. ఆగలేక లేచాను.

"పేరొద్దండీ. ఆ ఫ్రీజరుకి జనరేటరు తీగ లాగించండి, చాలు."



మేడం, మీకు నా సాష్టాంగ ప్రణామాలు. మీ వంటి గురువు మాకు మళ్ళీ దొరకరు. చెరువుల్లో దిగినవాళ్ళకు మాత్రం ఈ వారం కూడా ఆ పుళ్ళు పడుతూనే ఉన్నాయి, ఊరూ పేరూ లేకుండా.