మామ ఊపి చూడని రాయి

మా ఎదురింటి మామ పోయారు. ఆ కబురు చెప్పడానికి వచ్చిన ఆయన కొడుకునే "నిజమేనా?" అని అడిగాను. దేన్నీ ఒక్క మాటకు నమ్మని ఈ అలవాటు నాకు అంటించింది మామే.

ఆయన బస్సు కండక్టరు. మా మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సులో చేసి రిటైరయ్యారు. బస్సుపైన టమోటా బాక్సులకు కట్టిన తాడును తన చేత్తో ఊపి చూడనిదే విజిల్ వేసేవారు కాదు. "కట్టినోడు గట్టిగానే ఉండాదంటాడు. వాడు యాల కాదంటాడప్పా?" అనేవారు.

రిటైరయ్యాక ఆ అనుమానమంతా మా పార్లమెంటు సీటు మీద పడింది. మాదీ పుంగనూరుదీ ఒక సీటు, కుప్పం ఇంకో సీటులోకి పోతుంది. ఇంత పెద్ద టౌను మాది, సీటుకు మాత్రం వేరే ఊరి పేరు. రైల్వే స్టేషనుకు మా పేరుంది గానీ అది ఊళ్లో లేదు, రైలెక్కాలంటే ముందు బస్సెక్కాలి. రైలు ఊళ్లోకి రావడం చూసి పోవాలని మామ కోరిక.

ఎన్నికల రోజు ఓటేసి వచ్చేవాళ్లను తన గేటు దగ్గర ఆపేవారు. "అసెంబ్లీకి సరే, ఢిల్లీకి ఎవురిని పంపిస్తాండావు? పేరు సెప్పు." చాలామందికి గుర్తు తప్ప పేరు తెలిసేది కాదు. ఒకసారి నాకూ తెలియలేదు. "మొగం తెలీనోడికి టికెట్ కొట్టినావు. యాడ దిగుతాడో నీకేం తెల్సు?" అన్నారు. రోషం వచ్చింది. కానీ ఆ తర్వాత పేరు తెలుసుకోకుండా నేను ఓటేయలేదు.

పార్లమెంటు జరిగినన్నాళ్లూ ఆయన టీవీ ముందు నుంచి కదిలేవారు కాదు. ఒక మధ్యాహ్నం మా సభ్యుడు లేచి, మదనపల్లె పేరు చెప్పి, ఊళ్లోకి రైలు కావాలని అడిగాడు. సరిగ్గా అప్పుడే మా వీధిలో కరెంటు పోయింది. ఆయన వినలేకపోయిన ఆ ముక్కను తర్వాత ఫోనులో చూపించాను.

"ఫోన్లో ఎవురి నోట్లో ఏ మాటైనా పెడతారు. కరెంటు అప్పుడే యాల పోయినట్టు?"

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు.

"రైలుకు సర్వే రాయి పాతనీ. ఊపి సూసి సెప్తా."

ఆ రాళ్లు పాతేసరికి మామ ఆస్పత్రిలో ఉన్నారు, మాట పడిపోయింది. నేను చెబితే కళ్లు తిప్పి నా వైపు చూశారు, అంతే. నమ్మారో లేదో తెలియదు. ఇప్పుడు మా వీధిలో ఎవరేం చెప్పినా నిలదీసే మనిషి లేడు. నాకది దిగులుగానూ ఉంది, భయంగానూ ఉంది.

కర్మ రోజున అత్త పక్కన కూర్చుని అన్నాను. "అత్తా, ఊరి బయట రైలుకు సర్వే రాళ్లు పాతినారు. నేను సూసినా."

అత్త కళ్లు తుడుచుకుంది. "ఊపి సూసినావా?"

మర్నాడు పొద్దున్నే పోయాను. చెనిక్కాయ చేను గట్టున ఒక రాయి, పైన పసుపు రంగు. ఊపాను. కదల్లేదు. రెండు చేతులతో పట్టి మళ్లీ ఊపాను. కదల్లేదు, కానీ రంగంతా నా అరచేతులకు వచ్చేసింది.