మైసమ్మకు పెట్టని తొలిముద్ద

మూఢనమ్మకాల మీద నేను చేసిన ఉపన్యాసాల్లో ఘోరంగా ముగిసినది ఒకటుంది. దానికి శ్రోత ఒక్కడే. నష్టపోయింది మాత్రం అక్కడ లేని మనిషి, నా కూతురు సమత. ఎలా నష్టపోయిందో చెబుతాను. మీరు నవ్వితే నాకు అభ్యంతరం లేదు గాని, ఆ రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదని గుర్తుంచుకోండి.

కొన్నేళ్ల కిందటి మాట. సమత డిగ్రీ చదువుతూనే, మన్సూరాబాద్‌లో మా డాబా మీద కూర్చుని, ఎనిమిది నెలలు కష్టపడి సొంతంగా ఒక గిటారు చేసింది. వెనక, పక్కలు టేకు. ముందు పలక లేత రంగు దేవదారు. సోమవారం దిల్‌సుఖ్‌నగర్‌లో వాద్యాలు తయారుచేసే ఒక కార్ఖానాలో దాన్ని చూపించాలి. పని నచ్చితే చేర్చుకుంటారు. అంతవరకు అక్కడ ఒక్క ఆడపిల్లనూ చేర్చుకోలేదు.

ఇక మిగిలింది లప్పం. టేకు చేతికి నున్నగానే తగులుతుంది గాని, దగ్గరగా చూస్తే ఒళ్లంతా సూదిపోట్లు. ఆ బెజ్జాలు పూడ్చకుండా పాలిష్ పెడితే మొటిమల మీద పౌడరు కొట్టినట్టే. సరిగ్గా అప్పుడే సమతకు రెండు రోజుల ప్రాక్టికల్స్ పడ్డాయి. లప్పం నేను పెడతానన్నాను.

"రాములన్న ఎట్ల చెప్తే అట్ల చెయ్ నాన్నా. ఆయనతోని వాదన పెట్టుకోకు" అంది.

నన్ను వాదించవద్దనడం కోడిపుంజును కూయవద్దనడమే.

రాములు నల్లగొండ నుంచి వచ్చినవాడు. కర్మన్‌ఘాట్ రోడ్డులో బల్లలకు, తలుపులకు పాలిష్ పెడతాడు. సుద్దపొడిలో నూనె, ముదురు కాఫీ రంగు కలిపి, బాలాపూర్ లడ్డూ అంత లప్పం ముద్ద చేశాడు. సమత సంచిలో వేసి పంపిన రెండు చెక్క ముక్కలు బయటికి తీశాడు. ఒకటి టేకు, ఒకటి దేవదారు.

"తొలిముద్ద మైసమ్మకు సారూ. గీ రెండు ముక్కలకు రుద్ది, ఒక దినం ముట్టకుండ పెట్టురి. తల్లికి ఇష్టమైతే ముక్క మంచిగుంటది. ఇష్టం లేకుంటే దాని మొఖం నల్లవడ్తది. అటెన్కనే గిటారుకు పెట్టాలె."

"చెక్క ముక్కకు నైవేద్యమా?"

"గట్లనే అనుకోండ్రి."

"మైసమ్మ ఎప్పుడైనా పాలిష్ పని చేసిందా రాములూ?"

"నాకెర్క లేదు సారూ. జర పెట్టురి."

పాఠకులారా, అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? లేచి నిలబడ్డాను. రుజువు లేనిది నమ్మవద్దన్నాను. పరీక్షించనిది ఒప్పుకోవద్దన్నాను. ఈ రెండు మాటలు మరిచినందుకే మనిషి గుహలోంచి వచ్చి మళ్లీ గుహలోకే పోతున్నాడన్నాను. అరగంట గడిచింది. రాములు గోడకు ఆనుకుని విన్నాడు.

"అయిపోయిందా సారూ? మైసమ్మ ఇనలేక ఎప్పుడో లేసిపోయింది."

ఇంటికొచ్చి, ఆ రెండు ముక్కలను కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో దూర్చాను. గోనెగుడ్డతో గిటారుకు లప్పం రుద్దాను. వెనకకు, పక్కలకు, ముందుకు. న్యాయం అందరికీ సమానం కదా.

టేకు అద్దమైంది. దేవదారు మాత్రం వానకు నానిన పాత గోడలా మచ్చలు తేలింది. దానికి పూడ్చవలసిన బెజ్జాలే లేవట. మెత్తటి చెక్క, దొరికిన రంగునంతా తాగేసింది. చేతులు కాలాక ఎవరైనా ఆకులు పట్టుకుంటారు. నేను గరుకు కాగితం పట్టుకున్నాను. రుద్దినకొద్దీ పలక పలచబడింది గాని మచ్చ కదలలేదు.

శనివారం సాయంత్రం సమత వచ్చింది. గిటారును చూసింది.

"ముక్క మీద పెట్టి చూసినవా?"

నేను కిటికీ సందు వైపు చూశాను. ముక్కలు రెండూ అక్కడే, దూర్చినవి దూర్చినట్టే ఉన్నాయి.

"ఎనిమిది నెల్లు, నాన్నా" అంది. అంతే. అరిచినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే రాములు మీదికి వెళ్లాను. "అది పరీక్ష అని చెప్పొచ్చు కదయ్యా?"

"పరీక్షంటే ఎవలు చేస్తరు సారూ? ఒకపారి చూసుకోండ్రి అంటే, మా పనోళ్లు సీద తలుపుకే రుద్దుతుండిరి. మైసమ్మ అన్నప్పటి సంది ఒక్కడు తప్పిస్తలేడు."

"మరి నీకు నమ్మకముందా?"

"నాకా? నేను దేన్ని నమ్మ సారూ. ముక్కను చూసినంకనే నమ్ముత."

ఇరవై ఏళ్లుగా వేదికల మీద నేను వెతుకుతున్న హేతువాది, లప్పం డబ్బా పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

సోమవారం ఆ మచ్చల గిటారుతోనే కార్ఖానాకు వెళ్లాం. యజమాని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన. గిటారును చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ఈ వంపులు, అతుకులు నీ చేతివేనా అమ్మా?"

"అవును సార్."

"ఈ మచ్చలు?"

"మా నాన్నవి."

ఆయన కళ్లద్దాలు పైకి జరిపి నన్ను చూశాడు. "దేవదారుకు లప్పం పెట్టారా? ముందు ముక్క మీద చూసుకోలేదా అండీ?"

"లేదండి."

ఆయన సమత వైపు తిరిగాడు. "రేపటినుంచి రామ్మా. ఈయన్ని మాత్రం గుమ్మం దాటనివ్వకు."

ప్రమాణం చేయడానికి నాకు దేవుడు లేడు. అందువల్ల ఎల్బీ నగర్ వెళ్లే మెట్రోలో కూతురి ఎదుట నిలబడి, ఒక చేత్తో పైన వేలాడే పట్టీ పట్టుకుని, గంభీరంగా ప్రకటించాను: "ఇకమీదట పనిచేసే మనిషి దేవుడి పేరెత్తితే, ముందు పనేమిటో అడుగుతాను. దేవుడి సంగతి తర్వాత చూసుకుంటాను."

సమత గిటారును ఒళ్లోకి సర్దుకుంది.

"లప్పం ముట్టనని గూడ చెప్పు."

చెప్పాను. బోగీలో అందరికీ వినబడేలా ఇంకోసారి చెప్పించింది.