తుమ్మచెక్క నీళ్లలో ఉన్ని

చైనాతో యుద్ధం వచ్చిన చలికాలం అది. కొండల్లో మంచులో ఉన్న జవాన్లకు మెడతొడుగులు అల్లి పంపాలని, నెల్లూరు నుంచి కుట్టు టీచరమ్మ ఒకామె మా ఊరికి పన్నెండింటికి సరిపడా ఉన్ని తెచ్చింది. మాది మైపాడు పక్కన చేపలు పట్టేవాళ్ల ఊరు. ఎంత చలికైనా తుండుగుడ్డ చుట్టుకుంటే చాలు మాకు. తల మీంచి దూర్చి మెడకు తొడుక్కునే ఉన్ని గొట్టం ఎవరూ చూసి ఎరగరు.

నేను బడిపంతుల్ని గనక డిజైను గీసే పని మీదేసుకున్నాను. తల దూరాలి, మెడకు అంటుకోవాలి. రెండూ ఎలా కుదురుతాయో అర్థం కాక గళ్ల కాగితాలు మూడు చింపాను. అల్లే పని ఒప్పుకున్న మా అక్క చూసి నవ్వింది.

“సాగేటట్టు అల్లితే పోలా అబ్బయ్యా? దానికింత చదువెందుకు?”

ఆమె చెప్పినట్టే గీసి, డిజైను నాదేనని ఊరంతా చూపించాను.

బావ సముద్రంలో పోయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి అక్క మా ఇంట్లోనే వలలు బాగుచేస్తూ, నా భార్య చెప్పిన పనులు చేస్తూ ఉండేది. “ఈ పన్నెండూ బాగా వస్తే నెల్లూరులో అల్లికలు నేర్పడానికి నిన్ను నా దగ్గరే పెట్టుకుంటా. ఉండటానికి గది కూడా ఉంది” అని టీచరమ్మ అన్న రోజు నుంచి అక్క నడకే మారిపోయింది.

పన్నెండూ అల్లింది. పంపేముందు నేను అడ్డుపడ్డాను. మా దగ్గర కొత్త వలను తుమ్మచెక్క కషాయంలో ఉడికించందే నీళ్లలో దించరు. అలా చేస్తే నూలు కుళ్లదు.

“తుమ్మచెక్క పట్టించకుండా ఎట్ట పంపిస్తావు? మంచుకు తడిసి కుళ్లిపోవా?”

“ఇది నూలు కాదు గదరా, గొర్రె బొచ్చు. టీచరమ్మని ఒక మాట అడుగుదాం.”

“అన్నీ ఆమెనే అడగాల్నా? నాకు తెలీదా?”

పొయ్యి నేనే రాజేసి, పన్నెండింటినీ వలలు ఉడికించే కాగులో వేసి మరిగించాను. తీసి చూస్తే ఒక్కొక్కటీ అట్టలా బిరుసెక్కి, చంటిపిల్ల తల కూడా పట్టనంత ముడుచుకుపోయింది. లాగాను, మళ్లీ తడిపాను, ఇసుక మూటలు కట్టి వేలాడదీశాను. లాభం లేకపోయింది. అదే కాగు, అదే చెక్క. వల గట్టిపడుతుంది, ఇదెందుకు ఇలా అయింది? ఎంత ఆలోచించినా తెలియలేదు.

టీచరమ్మ వచ్చి వాటిని చేతిలోకి తీసుకుంది. “ఉన్నిని మరిగిస్తే ముడుచుకుపోదా? ఎవరు ఉడకబెట్టింది?”

అక్క నా వైపు చూసింది. నేను కాగు వైపు చూశాను.

“నేనే టీచరమ్మా” అంది అక్క.

ఆమె వెళ్లాక, “ఎందుకట్ట చెప్పినావు?” అని అక్క మీదే విసుక్కున్నాను.

“నువ్వు చెప్తావని చూసినాను. చెప్పలా. అడిగిన మనిషికి ఎవురో ఒకరు జవాబు చెప్పాల గదా” అంటూ వల ముందేసుకుంది. అది కోపమో, నా పరువు కాపాడటమో తెలియలేదు. అడగనూ లేదు.

నెల తర్వాత, ఆ పని వేరే ఆమెకు ఇచ్చారని తెలిశాక, బస్సెక్కి నెల్లూరు పోయి టీచరమ్మకు నిజం చెప్పాను. ముందే ఎందుకు పోలేదో, అన్నీ అయిపోయాక ఎందుకు పోయానో ఈనాటికీ నాకు సరిగ్గా తెలియదు. చెప్పినా నష్టం లేదనే ధైర్యంతోనే పోయానేమో.

“మాస్టారూ, తప్పు మీదేనని మీ అక్కతో అన్నారా?” అని అడిగిందామె.

లేదన్నాను.

ఇంటికొచ్చేసరికి అక్క వాకిట్లో వల కన్నులు బాగుచేస్తోంది. “యాడికి పోయినావురా పొద్దున్నించి?” అంది.

“టీచరమ్మ దగ్గరికి. ఉడకబెట్టింది నేనేనని చెప్పినాను.”

ఆమె చెయ్యి ఆగింది. “నాకిస్తానన్న ఆ గదిలో ఇప్పుడు ఎవురుండారు?” అని అడిగింది.

నేను కనుక్కోలేదు. ఆ సంగతి అడగాలని కూడా నాకు తోచలేదు.