కత్తెరకు కుంకుమ

నేను జీవితంలో తప్పింది ఒక్కటే పరీక్ష. అదీ చదువు రాక కాదు, మా అమ్మ మాట విని. ఈ సంగతి ఇంట్లో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. నవ్వితే నాకు కోపం వస్తుంది. నా కోపం ఎట్లాంటిదో వాళ్ళకు బాగా తెలుసు.

అరవైల మొదట్లో మాట. ఏడో తరగతి అయిపోయి, నాలుగేళ్ళు ఇంటిపట్టున ఉన్నాక నర్సు శిక్షణకు నల్గొండ పోతానంటే మా బాపు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొలానికి పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"మంత్రసాని పని నేర్సుకోవాల్నంటే సదువెందుకు బిడ్డా?" అన్నాడు.

"సదువుకుంటే తల్లీ బిడ్డా ఇద్దరు బతుకుతరట బాపూ" అన్నాను.

ఆ ఏడాదే మా చిన్నమ్మ పురిట్లో పోయింది. కట్టంగూరు పక్కన మా పల్లెలో ఆమెను చూసేందుకు నర్సూ లేదు, డాక్టరూ లేడు. అందుకే బాపు మరి కాదనలేదు. సంచి ఆయనే మోసుకొచ్చి నన్ను బస్సెక్కించాడు.

నల్గొండలో మాకు నేర్పిందంతా దవాఖాన చదువు. ఎత్తు మంచం, తిప్పితే నీళ్ళొచ్చే నల్లా, సామాన్లు ఉడకబెట్టే పెద్ద డబ్బా, గోడకు గడియారం. కత్తెరను ఇరవై నిమిషాలు మరిగే నీళ్ళలో ఉంచాలి, దాంతోపాటు ఉడికిన చిమటాతోనే, అంటే పట్టకారుతోనే తీయాలి, తీశాక దేనికీ తాకించకూడదు. ఇదంతా మేం పాటలాగా ఒప్పజెప్పేవాళ్ళం. చదువయ్యాక మమ్మల్ని పంపబోయే ఊళ్ళలో మంచమూ ఉండదు, నల్లా ఉండదు, గడియారం అంతకన్నా ఉండదు. ఆ సంగతి గురించి పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

మాకు పాఠం చెప్పే సిస్టరమ్మ గుంటూరు వైపు మనిషి. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చెడని తెల్లచీరలో ఉండేది. మా మాట ఆమెకు సగమే అర్థమయ్యేది, ఆమె మాట మాకు మరీ పుస్తకంలాగా అనిపించేది. ఆమె ముందు తుమ్మాలన్నా భయమే.

రెండో ఏడు పల్లెలకు పంపేముందు ఒక్కొక్కరికి ఒక రేకుపెట్టె ఇచ్చారు. అందులో కత్తెర, దారం, దూది, గిన్నె, స్పిరిటు సీసా. దసరా సెలవుకు దాన్ని ఇంటికి తీసుకుపోయాను. పండగనాడు మా అమ్మ నాగలికి, కొడవలికి, గొడ్డలికి పసుపు కుంకుమ పెడుతూ నా కత్తెరను కూడా కడిగి వాటి పక్కన పెట్టింది. వెళ్ళేటప్పుడు కాగితంలో చిటికెడు కుంకుమ మడిచి పెట్టెలో వేసింది.

"పని మొదలువెట్టే ముందు దానికి బొట్టు వెట్టి, కండ్లకద్దుకో. మరువకు బిడ్డా" అంది.

మరిచిపోతే బాగుండేది. నల్గొండ చేరిన మర్నాడే పరీక్ష. సిస్టరమ్మ చూస్తుండగా సామాన్లు ఉడకబెట్టి, పళ్ళెంలో పేర్చి, బొమ్మకు బొడ్డు కోసి చూపించాలి. నేను గడియారం చూసి ఇరవై నిమిషాలు ఉడకబెట్టాను. చిమటాతో తీశాను. శుభ్రమైన గుడ్డ మీద పెట్టాను. ఆపైన కాగితం విప్పి కత్తెరకు బొట్టు పెట్టి, భక్తిగా కళ్ళకద్దుకున్నాను.

సిస్టరమ్మ దగ్గరకొచ్చి కత్తెర వైపు చూసింది, నా నుదుటి వైపు చూసింది.

"మళ్ళీ ఉడకబెట్టు" అంది.

ఉడకబెట్టాను. ఈసారి బొట్టు పెట్టలేదు గాని, భయంలో చేయి దానంతటదే పోయి కత్తెరను కళ్ళకద్దింది. "మళ్ళీ" అంది ఆమె. మూడోసారీ అంతే. సున్నా వేసి పంపేసింది. ఆ వారమంతా నా పని అందరి సామాన్లూ ఉడకబెట్టడమే. అమ్మ మీద కోపంతో కుంకుమ కాగితాన్ని పెట్టె అడుగుకు తోశాను. పారేయడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

పదిహేను రోజుల తర్వాత మళ్ళీ పరీక్ష పెట్టి పాసు చేశారు. ఆపైన సిస్టరమ్మతో పాటు మమ్మల్ని నకిరేకల్ దగ్గర ఒక ఊరికి పంపారు. ఆ ఊళ్ళో నా వంతుకు వచ్చిన ఇళ్ళలో ఒక గొర్లవాళ్ళ ఇల్లు ఉంది. ఆ ఇంటి కోడలికి ఇరవై ఏళ్ళుంటాయేమో. అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి, ఇద్దరూ ఎనిమిదో రోజున పోయారు. బాగానే పుట్టి, బాగానే పాలు తాగి, ఆపైన దవడ బిగుసుకుపోయి, విల్లులా వంగిపోయి పోయారు. ఊళ్ళో వాళ్ళు గాలి సోకిందన్నారు. అది ధనుర్వాతమని మా పుస్తకంలో ఉంది. బొడ్డు కోసిన కొడవలి నుంచీ, బొడ్డు మీద అద్దిన పిడకల బూడిద నుంచీ వస్తుంది. ఇప్పుడామెకు మూడోసారి తొమ్మిదో నెల.

ఆమె నాతో ఒక్కటే మాట అంది. "నర్సమ్మా, గీసారి ఎనిమిదో దినం దాటిస్తవా?"

నేను దాటిస్తానన్నాను. పందొమ్మిదేళ్ళ పిల్లకు ఎంత పొగరో చూడండి.

ఆ ఊళ్ళో పురుళ్ళన్నీ పోసేది ఒక ముసలవ్వ. ఊరు మొత్తం ఆమె చేతుల్లోనే పుట్టింది. అయినా పురుడయ్యాక ఆమెను గడప లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆమెను కాదని ఏ తలుపూ తెరుచుకోదని సిస్టరమ్మ ముందే చెప్పింది. అందుకని వారం రోజులు ఆమె గుడిసె ముందు కూర్చుని కత్తెర ఎట్లా ఉడకబెట్టాలో నేర్పాను. అవ్వకు చదువు లేదు గాని పట్టు ఉంది. ఇరవై నిమిషాలంటే ఎంతసేపో ఎట్లా చెప్పాలా అని నేను తల గోక్కుంటుంటే, "జొన్న గటుక ఉడికేంత సేపన్నట్టు" అని తనే తేల్చేసింది. నాకు భలే గర్వంగా అనిపించింది.

ఒకరోజు ఆమెనే చేసి చూపమన్నాను. ఉడకబెట్టింది. చిమటాతో తీసింది. గుడ్డ మీద పెట్టింది. ఆపైన కొంగుముడిలోంచి కుంకుమ తీసి కత్తెరకు బొట్టు పెట్టి, రెండు చేతులా కళ్ళకద్దుకుంది.

నేను నవ్వాల్సింది. లేకపోతే ఆమెను కావలించుకోవాల్సింది. కాని నా నోట్లోంచి వచ్చింది సిస్టరమ్మ గొంతు.

"మళ్ల ఉడకవెట్టు" అన్నాను, కటువుగా, చుట్టూ ఆడవాళ్ళు చూస్తుండగా.

అవ్వ కత్తెరను మెల్లిగా నా ముందు పెట్టింది. "నేను మొక్కకుంట ఇనుము ముట్ట బిడ్డా. గా ఇనుము తల్లికి బిడ్డకు నడుమ వడేది. గంత మాత్రం భక్తి లేకుంట ఎట్ల కోస్తరు? నీ పని నువ్వే చేస్కో" అని లేచి లోపలికి పోయింది.

రెండు రోజులకు కబురు తెలిసింది. ఆ గొర్లవాళ్ళ కోడలి అత్త, అవ్వ రానంటే నర్సు కూడా వద్దు, మా కొడవలి మాకుందని తేల్చేసిందట. ఆ పిల్ల కళ్ళు గుర్తొచ్చి అన్నం సహించలేదు. సిస్టరమ్మ దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నీకు సున్నా వేసిన రోజు కుంకుమ ఎందుకు పెట్టావని నేను అడగలేదు కదూ?" అంది.

"లేదు సిస్టర్."

"అడగాల్సింది. మా అమ్మ కుట్టుమిషనుకు పెడుతుంది. నాకు తెలియదా?" అని, "పూజ చేయొద్దని ఏ పుస్తకంలో ఉందమ్మా? ముందు చేసుకోమందాం. పూజయ్యాకే ఉడకబెట్టమందాం" అంది.

ఇంత చిన్న మాట. ముందూ వెనకా మార్చడమే. రెండేళ్ళ చదువులో మాకెవరికీ తట్టలేదు.

సిస్టరమ్మ ఆ సాయంత్రమే అవ్వ గుడిసెకు వచ్చి నేల మీద కూర్చుంది. తెల్లచీరకు మట్టి అంటుకున్నా దులుపుకోలేదు. మీరు ఎట్లా చేస్తారో మాకు నేర్పండి అని అడిగింది. అవ్వ అనుమానంగానే మొదలుపెట్టింది. బొట్టు పెట్టింది, మొక్కింది, కళ్ళకద్దుకుంది. "ఇప్పుడు ఉడకబెడదాం. ఉడికాక ఇంక ఎవరమూ ముట్టుకోవద్దు, పైకి తీసి మొక్కనూ వద్దు" అంది సిస్టరమ్మ.

"అంటే బోనం లెక్కనా? వండినంక అమ్మవారికి వెట్టేదాక ఎవ్వలు ముట్టరు. ముడితే ఎంగిలైతది. గిది గూడ గంతేనా?" అంది అవ్వ.

సిస్టరమ్మ నావైపు తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదటిసారి. "గంతే అవ్వా" అంది. మా మాటను ఆమె నోట అంతకుముందెప్పుడూ వినలేదు. క్రిములు, శుద్ధి అంటూ మేం పది పేజీలు బట్టీ పట్టిన పాఠం అవ్వకు ఒక్క ఎంగిలి మాటతో దొరికిపోయింది. సిస్టరమ్మ దాన్ని అక్కడే నోటుబుక్కులో రాసుకుంది. మా తర్వాత వచ్చిన పిల్లలకు మొదటి పాఠం దవాఖానలో కాదు, ఒక గుడిసెలో గటుక పొయ్యి దగ్గర చెప్పించింది. పాఠం చెప్పేది అవ్వ.

ఆ మర్నాడు నేను అవ్వ దగ్గరికి పోయి, "నాదే తప్పయింది అవ్వా" అన్నాను. "తప్పు లేదు, తొందర ఉన్నది. నా మనవరాలు గిట్లనే ఎగురుతది" అని నా చెంప మీద చిన్నగా తట్టింది.

పదిరోజులకు, మధ్యాహ్నం పూట, గొర్లవాళ్ళ ఇంటి నుంచి అవ్వే కబురు పంపింది. నేను పోయేసరికి పొయ్యి మీద గిన్నె, గిన్నె కింద మంట, గోడకు ఆనుకుని ఆ పిల్ల. దాని పెనిమిటి మందతో మూసీ వైపు పోయి ఉన్నాడు. కత్తెర పూజ అప్పటికే అయిపోయింది. మగపిల్లవాడు పుట్టాడు, గట్టిగా ఏడ్చాడు. నేను దారంతో రెండుచోట్ల ముడి వేసి, కత్తెరను చిమటాతో తీసి అవ్వకు అందించాను. పరీక్ష లెక్కలో ఆ పురుడు నాదే కావాలి. కాని ఆ ఇంట్లో ఆ చేయి అవ్వదే కావాలనిపించింది. ఆమె కోసింది. కోశాక ఆమె కుడిచేయి అలవాటుగా పొయ్యి బూడిద వైపు పోయింది. సగందూరం పోయి ఆగింది. ఒకసారి నావైపు చూసి, ఆ చేతిని వీపు వెనక దాచుకుంది. అప్పుడు నాకు ఆమె మీద పుట్టిన ప్రేమ ఇంతని చెప్పలేను.

ఇక రోజులు లెక్కపెట్టడం. రోజూ పొద్దున్నే కోత అయిన చేలలో జొన్నకొయ్యల మధ్య నడిచి పోయి బొడ్డు చూసి వచ్చేదాన్ని. ఆ తల్లి బిడ్డను చూసేది గాని ముద్దాడేది కాదు. పేరుపెట్టి పిలవదు, కొడుకా అని కూడా అనదు. "గిది మంచిగనే తాగుతాంది" అనేది, పక్కింటి పిల్ల గురించి చెప్పినట్టు. రెండుసార్లు చెయ్యి కాల్చుకున్న మనిషి మరి.

ఎనిమిదో రోజు నేను పోయేసరికి వాకిట్లో అవ్వ కూర్చుని ఉంది. తలెత్తలేదు. లోపల తల్లి గోడవైపు తిరిగి పడుకుంది.

"పొద్దుగాల్నుంచి పాలు తాగుతలేడు" అంది, నావైపు చూడకుండా.

ధనుర్వాతానికి మొదటి గుర్తు అదే. సబ్బుతో చేతులు కడుక్కున్నాను. గొంగడిలోంచి బిడ్డను తీసుకున్నాను. మెత్తగానే ఉన్నాడు. నా చిటికెన వేలు వాడి నోట్లో పెట్టాను. దవడ బిగుసుకుని ఉంటే వేలు లోపలికి పోదు. పోయింది. అయినా వాడు కదల్లేదు. నేను ఎంతసేపు అట్లా నిలబడ్డానో తెలియదు. ఆపైన వాడు నా వేలు చుట్టూ నాలుక తిప్పి, బలంగా, కోపంగా చప్పరించాడు. వెంటనే వదిలేసి ఏడ్చాడు. ముక్కు పూర్తిగా బిగుసుకుపోయి ఉంది. గుడిసెలో పొగ, బయట చలి, పసివాడికి పడిశం పట్టింది. అంతే. నోట్లో పాలుంటే ఊపిరాడక వదిలేస్తున్నాడు.

దూది తడిపి, మెత్తగా పేని, ముక్కు శుభ్రం చేసి తల్లి పక్కన పడుకోబెట్టాను. వాడు వెతుక్కుని పట్టుకున్నాడు. గుటకల చప్పుడు వాకిట్లో ఉన్న అవ్వకు కూడా వినబడింది. గడప బయటే ఆగాలన్న సంగతి మరిచి ఆమె లోపలికి వచ్చేసింది. అత్త కూడా ఏమీ అనలేదు.

"కొడుకా" అంది తల్లి, మొదటిసారి. అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కాసేపయ్యాక ఆమె లేచి కూర్చుని, నా కత్తెర ఒకసారి ఇమ్మంది. పెట్టె తెరిచి, శుభ్రమైన గుడ్డలోంచి తీసి ఇచ్చాను. పెట్టె అడుగున మా అమ్మ కాగితం కనబడితే అదీ తీసి ఇచ్చాను. ఆమె కత్తెరకు బొట్టు పెట్టింది, తన కళ్ళకద్దుకుంది, బిడ్డ కళ్ళకద్దింది. అవ్వ భయంభయంగా నావైపు చూసింది.

ఆ రోజు మాత్రం నేను మళ్ళీ ఉడకబెట్టమనలేదు.