తిన్నావా అని అడిగే సారు

మాకు జపనీస్ నేర్పిన సారు పోయారని మంగళవారం పొద్దున ఆఫీసులో తెలిసింది. అప్పటికే టోక్యో వాళ్లు కాల్‌లో ఉన్నారు. ఆయన నేర్పిన భాషలోనే సెలవడిగి కాల్ కట్ చేశాను.

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక, మేడ మీద సారు ఇంట్లో ముందు గది. అదే మా క్లాసు. సారు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా రిటైరయ్యారు. వయసులో ఉండగా ఆరు నెలలు జపాన్‌లో ట్రైనింగ్ చేశారు. మొదటి వారమంతా మాకు ఒకే క్రియ నేర్పారు: తబెరు, అంటే తినడం. గడప దాటగానే "తబెమష్త కా?" అనేవారు, తిన్నావా అని. జవాబు చెప్పి, ఆయన్నీ తిరిగి అడిగితేనే చాప మీద చోటు. నేను తినకుండానే తిన్నానంటే మొహం చూసి పట్టేసేవారు. "ఝూట్ చెప్తె రెండు రొట్టెలు తినాలె," అంటూ అమ్మ చేసిన జొన్నరొట్టెలు చేతిలో పెట్టేవారు. అమ్మంటే ఆయన భార్య.

"జపాన్ల గిట్ల పలకరించొద్దు, పరేషాన్ అయితరు," అని చెప్పిందీ ఆయనే. ట్రైనింగ్‌లో రోజూ మధ్యాహ్నం వాళ్ల మేస్త్రీని మనలాగే తిన్నావా అని అడిగేవారట. పాపం, ఆయన ఈ పిల్లాడికి ఆకలేస్తోందనుకుని తన డబ్బాలో సగం పెట్టేవాడు. అక్కడ అది పలకరింపు కాదని సారుకి తెలిసేసరికి వారమైంది.

"సిగ్గుతోని సచ్చిన బిడ్డా. గని మస్తు పెట్టిండు," అని నవ్వేవారు.

"మరి మమ్మల్నెందుకు అడుగుతరు సార్?"

"ఆయన పెట్టిండు గని అడగలే. అడిగెటోళ్లు లేకుంటె బువ్వ దిగదు."

పోయిన వారం సారు ఫోన్ చేసి అదే మాట అడిగారు. మీటింగ్ హడావిడిలో "తిన్న సార్, మళ్ల చేస్త," అని పెట్టేశాను. నిజానికి తినలేదు, మళ్లీ చేయలేదు. ఫోన్‌లో నా మొహం కనబడదు కదా. ఆయన్ని తిరిగి అడగనైనా అడగలేదు. ఇప్పుడు ఆ గొంతు కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

నిన్న వాళ్లింటికి వెళితే అమ్మ తలుపు తీసింది. బోర్డు మీద సారు చేతిరాత అలాగే ఉంది. గడప దాటి, "తబెమష్త కా?" అన్నాను. అమ్మకు జపనీస్ రాదు. కానీ ఈ మాట ఇన్నేళ్లూ వంటింట్లోంచి విన్నదే.

"లేదు బిడ్డా. నువ్వు తిన్నవా?"

"లేదమ్మా."

పక్కింటివాళ్లు ఇచ్చిన డబ్బాలో ఒక్క రొట్టె మిగిలి ఉంది. చాప పరిచి, సగం విరిచి నా చేతిలో పెట్టింది. ఇద్దరం బోర్డుకు ఎదురుగా కూర్చున్నాం. నోట్లో ముద్ద ఉండగానే ఆ చేతిరాత వైపు చూసి, ఆ రోజు ఫోన్‌లో అడగని మాట సారుని అడిగాను.